తాడు పట్టే చేతికి వజ్రపు ఉంగరం

నగల షాపులో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు రాళ్ళు చూపిస్తారు. నన్నడిగితే మొదటి రోజు చేతులు చూపించాలి. రాయగడలో ఒకే షాపులో, ఒకే గాజు బల్ల వెనక నిలబడి నేను నా ఉద్యోగం ముగించాను. వజ్రాల బల్ల నాది. నా జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ హోదా ఇచ్చారో ఇక్కడ రాయను. వాటితో ఎవరికీ పని లేదు. చేతులతో పనిచేసే మనిషికి ఏ రాయి ఇవ్వాలి, దాన్ని ఎలా కట్టాలి, అది తప్పితే ఏమవుతుంది అన్నది మాత్రం రాస్తాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇది చదివి నాతో వాదించినా నాకు అభ్యంతరం లేదు.

ఎత్తు ఉంగరం ఎవరి చేతికి

మా పూర్వీకులకు జయపురం సంస్థానం కింద ముఠాదారీ ఉండేది. అంటే కొన్ని కొండ ఊళ్ళ శిస్తు వసూలు, దానితోపాటు పెత్తనం. అది మా తాతగారి కాలంలో పోయింది. మిగిలింది మా నాన్నగారు వ్యాజ్యాల్లో పోగొట్టారు. నాకు దక్కింది ఇంటిపేరు, తాతగారి ఫోటో ఒకటి. ఆ ఫోటోలో ఆయన కుర్చీలో కూర్చుని ఉంటారు. కుడిచేయి కుర్చీ చేతి మీద ఉంటుంది. ఆ చేతి వేలికి ఉంగరం గోపురంలా లేచి ఉంటుంది.

అంత ఎత్తుగా ఎందుకు కట్టించుకున్నారో షాపులో చేరాకే నాకు అర్థమైంది. ఆ చేయి బిందె ఎత్తదు, గడియ తియ్యదు, తాడు లాగదు. ఎత్తు ఉంగరం పని లేని చేతికి పుట్టిన ఉంగరం. ఇది రాయడానికి నాకు సిగ్గు లేదు. అలాంటి ఇంట పుట్టానన్న గర్వమూ తగ్గలేదు. రెండూ ఒక మనిషిలో ఉండొచ్చు.

చిక్కెక్కడంటే, ఇవాళ షాపుల్లో అద్దాల వెనక పెట్టేవి ఇంకా ఆ ఉంగరాలే. కొనడానికి వచ్చేవాళ్ళు మాత్రం తెరుబలి ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు, మునిసిపాలిటీలో పైపులు బిగించేవాళ్ళు, స్టాఫ్ నర్సులు, గుణుపురం వైపు నుంచి వచ్చే రైతులు. పెట్టెలో రాజసంగా ఉన్న ఉంగరం వాళ్ళ చేతికి శత్రువు. ఆ మాట వాళ్ళకు ముందే చెప్పాల్సింది బల్ల వెనక నిలబడ్డ మనమే.

జేబు పరీక్ష

వజ్రం అన్నిటికన్నా గట్టిది కాబట్టి పగలదని అందరూ అనుకుంటారు. గీత పడదు, నిజమే. దెబ్బ తగిలితే మాత్రం పెచ్చు లేస్తుంది. అది కూడా మూలల దగ్గర, మొనల దగ్గర. చదరపు రాయికి నాలుగు మూలలూ ప్రమాదమే. పడవ ఆకారం రాయికి రెండు మొనలు, నీటిబొట్టు ఆకారానికి ఒక మొన. గుండ్రం రాయికి మూల లేదు, దెబ్బ ఎటు తగిలినా జారిపోతుంది. చేతులతో పనిచేసేవాళ్ళకు నేను గుండ్రం రాయి, లేదా కోడిగుడ్డు ఆకారం రాయి చూపించేవాడిని. వాలీబాల్ నేర్పే డ్రిల్ మాస్టారు ఒకాయన నా మాట కాదని చదరపు రాయే కావాలన్నాడు. నెట్ స్తంభానికి చేయి తగిలి ఒక మూల పోయింది. రాయి మార్చమని వచ్చి నన్నే తిట్టాడు. నిలబడి విన్నాను.

ఇక కట్టడం. రాయిని సన్నని బంగారు కొనలతో పట్టి నిలబెట్టేది ఒక రకం. మా పొదుగుపనివాళ్ళు ఆ కొనలను గోళ్ళు అంటారు. రాయి చుట్టూ బంగారు గట్టు పోసి, రాయిని అందులో దింపేది రెండో రకం. గోళ్ళ కట్టడంలో వెలుగు ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. గోరు ఒకటి లేచిందంటే చీర లాగుతుంది, జుట్టు లాగుతుంది, ఒకరోజు రాయి ఉండదు. దూదిపింజ తీసుకుని ఉంగరం మీద మెల్లిగా రుద్దండి. పోగు తగులుకుంటే గోరు లేచినట్టే. ప్రసూతి వార్డులో పనిచేసే నర్సమ్మ ఒకామె వారానికోసారి వచ్చి నాచేత ఈ పరీక్ష చేయించుకునేది. ఆ గోళ్ళు ఆమె చేతి తొడుగులు చింపేసేవి. చివరికి గోళ్ళు తీయించి గట్టు కట్టిస్తే పీడ వదిలింది.

బంగారం సంగతి కూడా చెప్పాలి. మనవాళ్ళకు ఇరవైరెండు క్యారెట్లంటే పట్టుదల. వజ్రాన్ని గట్టిగా పట్టాలంటే పద్దెనిమిది క్యారెట్లే మంచిది, మెత్తదనం తక్కువ. చుట్టూ రాళ్ళు పొదిగిన ఉంగరం పనిచేసే చేతికి అసలు అమ్మకండి. అరచేతి వైపు రాళ్ళు అరిగి ఊడతాయి, కొలత మార్చడానికీ వీలుండదు.

అన్నిటికీ ముందు నేను చేసే పని ఒకటుంది. ఉంగరం తొడిగి, వాళ్ళ జేబులోనో సంచిలోనో చేయి పెట్టి రుమాలు తియ్యమనేవాడిని. ఉంగరం ఎక్కడైనా తగులుకుంటే అది ఆ చేతిది కాదు. ఈ పరీక్షతో చాలా బేరాలు పోయాయి. మా యజమానికి నా మీద కోపం వచ్చేది ఇక్కడే.

షావుకారు

మా యజమాని పార్వతీపురం నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. అందరికీ షావుకారు. రాయి చూడటం నాకు నేర్పింది ఆయనే. రాయిని ముందు తలకిందులుగా చూడమనేవారు. పైనుంచి చూస్తే అన్నీ మెరుస్తాయి, దోషాలు అడుగునుంచి కనపడతాయి. ఆ విద్యలో ఆయనకు సాటి లేదు. నన్ను దొరగారు అని పిలిచేవారు. అందులో గౌరవం సగం, ఎత్తిపొడుపు సగం. "దొరతనం పోనాది గానీ నడుం ఒంగనేదు ఈయనకి" అని కొనేవాళ్ళ ముందే నవ్వేవారు. షాపులో వజ్రం గురించి తనతో వాదించగలిగేది నేనొక్కడినే కాబట్టి ఆయన నన్ను వదులుకోలేదు. నేనూ ఆయన ముందు తల దించలేదు.

ఆయనకున్న లోపం ఒక్కటే. కొనేవాళ్ళకు వద్దని చెప్పలేరు. వాళ్ళ వేలు, వాళ్ళ ఇష్టం అనేవారు. ఆ మాట ఎంత దూరం తీసుకెళ్తుందో మా ఇద్దరికీ ఒక వానాకాలంలో తెలిసింది.

ముక్కుపుడక రాయి

గుణుపురం దగ్గర వ్యవసాయం చేసే అప్పలనరసమ్మ గారు కొడుకు పెళ్ళి కుదిర్చి, ప్రధానపు ఉంగరం చేయించడానికి కాబోయే కోడలిని వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ళ మూలం శ్రీకాకుళం వైపు పల్లె. కొడుకు గోవింద్ తెరుబలిలో కరెంటు పని చేస్తాడు. కాబోయే కోడలు హేమ మా రాయగడ పిల్లే, తండ్రి మునిసిపాలిటీ ఉద్యోగి. ఆ అమ్మాయి ఫైర్ స్టేషన్‌లో పనిచేస్తుంది. నిచ్చెనలు ఎక్కుతుంది, తాడు మీద దిగుతుంది, బావుల్లో పడ్డవాటిని పైకి లాగుతుంది.

అప్పలనరసమ్మ గారు కొంగు ముడి విప్పి ఒక వజ్రం బల్ల మీద పెట్టారు. వాళ్ళ అత్తగారి ముక్కుపుడకలోది. పాతకాలం సాన పట్టిన గుండ్రని రాయి, మంచి నీరు, అంటే తేటదనం, ఉన్న రాయి. తలకిందులు చేసి చూస్తే నడుము దగ్గర అంచు చాలా పలచగా ఉంది. గోళ్ళతో నొక్కితే అక్కడే పెచ్చు లేస్తుంది. ఆమె కోరినవి మూడు. ఉంగరం నలుగురికీ కనపడేలా ఎత్తుగా ఉండాలి. వేలికి ఒక కొలత పెద్దగా ఉండాలి, రేపు పిల్లలు పుడితే వేలు లావవుతుంది కనుక. ప్రధానం నాడు తొడిగాక తాళి పడేదాకా ఆ ఉంగరం వేలినుంచి తీయకూడదు.

ఎత్తు విషయంలో నేను ఒప్పుకోలేదు. రాయి బతకాలంటే చుట్టూ గట్టు కట్టి కిందికి దించాలని చెప్పి, భూతద్దంలో ఆ పలచటి అంచు ఆమెకే చూపించాను. చాలాసేపు చూసి ఒప్పుకున్నారు. మిగతా రెండూ నాకు ఇంకా భయంకరంగా తోచాయి. వదులు ఉంగరం తాడు పట్టే చేతికి ఉరి. వేలికి సరిగ్గా కూర్చున్న ఉంగరం కదలదు. వదులుది పక్కకు వాలి, తాడుకో మేకుకో తగులుకుని, మనిషి బరువంతా ఆ వేలి మీద వేస్తుంది. ఆ మాటే చెప్పాను. డ్యూటీలో తీసి పెట్టుకోమని కూడా చెప్పాను.

"తీత్తే ఎలగ? ఒదులైతే దారం సుట్టుకుంటాది. మా ఇంట అందరం అలగే సుట్టుకున్నాం" అన్నారామె.

మన ఇళ్ళలో ఇది అందరికీ తెలిసిన పద్ధతే. ఉంగరం పెద్దదైతే అడుగున పసుపు దారం చుట్టి బిగిస్తారు. పూజలో కూర్చునే చేతికి దానివల్ల ఏమీ కాదు. తాడు లాగే చేతికి అలా చుట్టించే పొరపాటు మన దగ్గర తప్ప ఇంకెక్కడా చెయ్యరనుకుంటాను. నూలు దారం నీటిలో నాని ఉబ్బుతుంది. అప్పుడు ఉంగరం ముందుకూ రాదు, వెనక్కూ పోదు. ఆ కొలతకు ఉంగరం చెయ్యనని నేను చెప్పేశాను. షావుకారు లేచి వచ్చారు. "ఆరి ఏలు, ఆరి ఇష్టం దొరగారూ. మీ ముఠాలో ఊళ్ళు కావు ఇయ్యి, మీరు శాసించడానికి" అన్నారు. వాళ్ళు కోరిన కొలతకే ఉంగరం తయారైంది. కట్టడం నాది, కొలత వాళ్ళది.

వెళ్ళేముందు హేమ నా వైపు చూసి, ఉంగరం వేలు మెల్లిగా మడిచి చూసుకుంది. ప్రమాదం ఆ అమ్మాయికి తెలుసు. అత్తగారింట మొదటి మాటే ఎదురు చెప్పడం ఇష్టం లేక ఊరుకుంది.

దారం

ప్రధానం అయింది. వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం షాపు ముందు ఆటో ఆగింది. ముందు అప్పలనరసమ్మ గారు దిగారు, వెనక హేమ, ఖాకీ బట్టల్లో, మోకాళ్ళ దాకా బురద. ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని గుండెలకు ఎత్తి ఉంచుకుంది.

కొల్నార వైపు ఒక బావిలో దూడ పడిందట. తాడు కట్టి లాగుతుంటే తడిసిన తాడు ఒక్కసారి జారింది. ఉంగరం పక్కకు వాలి తాడు కింద చిక్కుకుంది. పక్కనున్నవాళ్ళు వెంటనే తాడు పట్టుకోబట్టి వేలు మిగిలింది. పెళ్ళిచీరల కోసం ఆ రోజు రాయగడ వచ్చిన అత్తగారు కబురు తెలిసి ఆసుపత్రి దారిలో కలిశారు. ఆసుపత్రికి పోతే ఉంగరం కోసేస్తారని భయపడి, కోయకుండా తీయించుకుందామని ఆటోను మా షాపుకు తిప్పించారు.

వేలు చూశాను. ఉంగరానికి పైన భాగం ఉబ్బి, నేరేడు పండు రంగుకు తిరిగింది. ఉంగరం కండలోకి దిగిపోయింది, గట్టు మీద రాయి మాత్రం కనపడుతోంది. దారం అసలు కనపడటం లేదు. గోరు నొక్కి వదిలాను. ఎవరి వేలైనా నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడుతుంది. ఇది ఎర్రబడలేదు. వేలు చల్లగా ఉంది.

ఈ పనిలో చేరేవాళ్ళు ఇక్కడ ఆగి గుర్తుపెట్టుకోండి. గోరు ఎర్రబడకపోతే అది ఇక ఉంగరం సంగతి కాదు. నూనె, సబ్బు అని ఆలస్యం చెయ్యకూడదు. ఆసుపత్రి దగ్గరుంటే అక్కడికే పంపాలి. ఆ రోజు వానకు ఆసుపత్రికి పోయే రోడ్డు మీద లారీ అడ్డం పడి ఆటోలు కదలడం లేదు. ఉంగరం కోసే చేతి రంపం, పిడి తిప్పితే చిన్న పళ్ళ చక్రం తిరిగేది, నా సొరుగులో ఉంది. దాని అడుగున పలచని నాలుక ఉంటుంది. దాన్ని ఉంగరానికీ చర్మానికీ మధ్య దూరిస్తే పళ్ళు వేలికి తగలవు.

"కోసేస్తాను" అన్నాను.

"కొయ్యొద్దు" అన్నారు అప్పలనరసమ్మ గారు. తాళి పడకముందు ప్రధానపు ఉంగరం తెగితే ఆ పెళ్ళి నిలవదని, ఎలాగైనా తియ్యమని నా చేతికి అడ్డం వచ్చారు. షావుకారు నన్ను పక్కకు పిలిచి, వేలికి ఏమైనా అయితే షాపు మీదకు వస్తుందని, రాయి పగిలినా మన మీదకే వస్తుందని, ఆ అమ్మాయిని అలాగే నడిపించి పంపెయ్యమని అన్నారు. ఆయన గొంతులో భయం నేను వినడం అదే మొదటిసారి.

నేను హేమను అడిగాను, వేలు ఆమెది కాబట్టి.

"ఈ ఏలు పోతే నాను తాడు పట్టనేను. కొయ్యండి దొరగారూ" అంది. పళ్ళు బిగబట్టి, మెల్లిగా అంది.

రంపం నాలుక దూర్చబోతే దూరలేదు. ఉంగరం అడుగున నానిన దారం కండలో కూరుకుపోయి అడ్డు పడింది. ముందు దారం పోవాలి. సన్నని పట్టకారు పెట్టి వెతికాను. ముడి ఏ వైపు ఉందో తెలియడం లేదు, తప్పు పోగు లాగితే ఇంకా బిగుస్తోంది. హేమ నుదురు బల్ల అద్దానికి ఆనించింది.

"దారం ఎవరు చుట్టేరు?" అని అడిగాను.

అప్పలనరసమ్మ గారు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు. "నానే సుట్టేను. ముడి సిటికినేలు ఏపు" అని కోడలి చేయి తన ఒళ్ళోకి తీసుకున్నారు.

ఆ రోజు వరకూ ఆమె రాయి కోసమే పట్టుబడుతున్నారని అనుకున్నాను. నా అంచనా తప్పు. నా సొరుగులోని సూది అందుకుని, దాని మొనతో పోగులు ఒక్కొక్కటే ఎత్తుతూ, తల ఎత్తకుండా, ఆమె తన సంగతి చెప్పారు. ఆమె ప్రధానపు ఉంగరం పెళ్ళికి ముందే పోయిందట. ఊడుపుల రోజులు. ఉంగరానికి బురద అంటుతుందని తీసి, ఆకులో చుట్టి, గట్టు మీద పెట్టి మడిలోకి దిగారు. పైకి వచ్చి చూస్తే ఆకు లేదు.

"తీసినందుకే పోనాది. మా అత్త సచ్చేదాకా ఆ మాటే. ఉంగరం నిలుపుకోనేని దానివి సంసారం ఏటి నిలుపుతావు అని. నా కోడలికి ఆ మాట రాకూడదని సుట్టేనమ్మి" అన్నారు.

హేమ తల ఎత్తలేదు. "తెలీదు అత్తా" అని మాత్రం అంది.

చివరి పోగు పసుపు, నెత్తురు కలిసి బయటికి వచ్చింది. రంపం నాలుక దూరింది. రాయికి ఎదురుగా, ఉంగరం అడుగున కోయడం మొదలుపెట్టాను. చక్రం తిప్పే పిడి చిన్నది, చెయ్యి వణికితే జారుతుంది. అప్పలనరసమ్మ గారు కోడలి మణికట్టును రెండు చేతులా కదలకుండా పట్టుకున్నారు. బంగారం వేడెక్కితే ఆగి, నీళ్ళు చుక్కలు చుక్కలుగా వేసి, మళ్ళీ తిప్పాను. తెగిన చోట రెండు పట్టకార్లతో చెరో వైపు పట్టి విడదీయాలి. గోళ్ళ కట్టడమైతే అలా వంచినప్పుడు రాయి ఎగిరిపోయేది, ఆ పలచటి నడుము అక్కడే విరిగేది. గట్టు కట్టిన రాయి కదలలేదు. ఉంగరం నోరు తెరుచుకుని వేలు వదిలేసింది.

గోరు నొక్కాను. తెల్లగానే ఉంది. షావుకారు తలుపు దగ్గర వీధివైపు తిరిగి నిలబడ్డారు. మళ్ళీ నొక్కాను. గోరు మొదట్లో ఒక చిన్న ఎర్రటి గీత కనపడింది, అది మెల్లిగా పైకి పాకింది. హేమకు అప్పుడు నొప్పి వచ్చింది, గట్టిగా ఏడ్చింది. అప్పటిదాకా ఉంగరానికి పై భాగంలో నొప్పి కూడా తెలియలేదు.

దారి తెరుచుకున్నాక షావుకారే తన బండిలో వాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వేలు దక్కింది. మడత దగ్గర కొంచెం బిగుతు మిగిలింది, వ్యాయామంతో అదీ పోతుందన్నారు. మర్నాటి నుంచి ఎవరైనా వదులుగా ఉంగరం అడిగితే షావుకారు, దొరగారితో మాట్లాడండి అని నా వైపు చెయ్యి చూపించేవారు. ఆయన దగ్గర అంతకు మించి ఆశించకూడదు.

మళ్ళీ కట్టిన ఉంగరం

తెగిన ఉంగరాన్ని అతికించొద్దని, కరిగించి కొత్తగా చెయ్యమని అప్పలనరసమ్మ గారే చెప్పారు. ఈసారి కోరికలేవీ చెప్పలేదు. వేలి వాపు పూర్తిగా తగ్గేదాకా కొలత తీసుకోలేదు. తీసుకున్నది కూడా సాయంత్రం పూట, చేయి వెచ్చగా ఉన్నప్పుడు. తెల్లారి వేలు సన్నగా ఉంటుంది, ఆ కొలత నమ్మకూడదు. అదే గుండ్రని రాయి, ఇంకా కిందికి దించి, గట్టు ఇంకొంచెం మందం చేయించాను. పద్దెనిమిది క్యారెట్లు. లోపలి అంచులు గుండ్రంగా తీయించాను, మడతమీద ఒరుసుకోకుండా జారాలని. జేబులో చేయి పెట్టి తీస్తే ఎక్కడా తగులుకోదు. నా బల్ల మీద తయారైన ఉంగరాల్లో పనిచేసే చేతికి అంతకన్నా మంచిది లేదు.

అయినా ఒక మాట నిక్కచ్చిగా రాయాలి. తాడు పట్టే చేతికి, కరెంటు ముట్టే చేతికి, తిరిగే యంత్రం దగ్గర పనిచేసే చేతికి పని జరుగుతున్నంతసేపు ఏ ఉంగరమూ మంచిది కాదు. మనం ఇవ్వగలిగింది తేలిగ్గా వచ్చే ఉంగరం, తిరిగి తొడుక్కునే ఉంగరం. ఎంత తెలివైన కట్టడమైనా అంతవరకే. ఇది చెప్పని షాపును నమ్మకండి.

ఉంగరం తీసుకోవడానికి ముగ్గురూ వచ్చారు. గోవింద్‌ను నేను సరిగ్గా చూసింది ఆ రోజే. అతని వేలికి ఉంగరం లేదు. ప్రధానం నాడు ఆడపెళ్ళివారు పెట్టిన ఉంగరం ఏదని వాళ్ళమ్మ అడిగారు. అతను కొంచెం తడబడి, కరెంటు పనిలో పెట్టుకోకూడదని మొదటి రోజునుంచీ లంచ్ బాక్సు సంచిలో పెడుతున్నానని చెప్పాడు.

"అయితే నీకొక నాయం, దానికొక నాయమేటిరా? ఇన్నాళ్ళూ నోరు మెదపనేదు" అన్నారామె. హేమ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. నాకు ఆ కుర్రాడి మీద కోపమే వచ్చింది. ఆ ఒక్క మాట ముందే వాళ్ళమ్మతో అనుంటే ఈ గొడవే ఉండేది కాదు.

హేమ ఉంగరం తొడుక్కుంది. సరిగ్గా కూర్చుంది. వెలుగులో పెట్టి చూసుకుంటుండగా ఫోన్ మోగింది. స్టేషన్ నుంచి. నాగావళి నీరు పెరిగి ఒడ్డున ఇళ్ళు మునుగుతున్నాయి, రమ్మన్నారు. ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసి లేచింది. అప్పుడు అందరి కళ్ళూ ఆ వేలి మీదే పడ్డాయి. పెళ్ళి ఇంకా కాలేదు. తాళి పడలేదు. హేమ వేలు ముడుచుకుని అత్తగారి వైపు చూసింది.

అప్పలనరసమ్మ గారు కూర్చున్న చోటినుంచే అరచేయి చాపారు.

"ఇలగియ్యి. నాకాడ ఉంటాది."

ఉంగరం ఒక్క లాగుకు వచ్చింది. ఆమె దాన్ని కొంగులో ముడేసుకుని బొడ్డున దోపుకున్నారు. గోవింద్ పెళ్ళికూతుర్ని బండి మీద ఎక్కించుకుని స్టేషన్‌కు వెళ్ళాడు. నేను అప్పలనరసమ్మ గారిని ఇంటికి పంపడానికి ఆటో పిలుస్తానన్నాను. అక్కర్లేదన్నారు. వీధి కనపడేలా కుర్చీ తిప్పుకుని కూర్చున్నారు. టీ తెప్పిస్తే ముట్టలేదు. బయట వాన తగ్గడం లేదు. కొనేవాళ్ళు వచ్చారు, వెళ్ళారు. ఆమె పిడికిలి కొంగు ముడి మీదనుంచి కదలలేదు. నదివైపునుంచి వచ్చే ప్రతి బండి చప్పుడుకూ మెడ ఎత్తి చూశారు. కొననివాళ్ళు కుర్చీ పట్టుకుని కూర్చుంటే విసుక్కునే షావుకారు ఆ సాయంత్రం ఆమెను లేవమనలేదు.

షాపు తలుపులు దించబోయే వేళకు హేమ వచ్చింది. తల నుంచి కాళ్ళ దాకా తడిసింది, గొంతు పోయింది. ఇళ్ళలోవాళ్ళు అందరూ పైకి వచ్చేశారని గోవింద్ చెప్పాడు. హేమ అత్తగారి ముందుకు వచ్చి ఎడమచేయి చాపింది, ఉంగరం ఇమ్మన్నట్టు.

అప్పలనరసమ్మ గారు కొంగు ముడి విప్పలేదు.

"ముందు ఏళ్ళు సూపించమ్మి" అన్నారు. ఆ చేతిని దీపం కిందకు లాక్కుని, తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి, ప్రతి గోరూ ఎర్రబడేదాకా చూశారు. రెండో చేయి కూడా అడిగారు. అదీ చూశాకే ముడి మీద చెయ్యి వేశారు.